మెట్లెక్కని పెట్టె

పద్నాలుగో భాగం

పోయిన వారం మెట్లమ్మను మీటింగ్ గది గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. కుడి కాలు లోపల, ఎడమ కాలు బయట. పాపం, వారం రోజులుగా అలాగే ఉంది. ఆమెను లోపలికి తీసుకెళ్ళే ముందు, మధ్యలో వచ్చి చేరిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం.

మెట్లమ్మ ఇంటింటి నర్సు. ఆమె అసలు పేరు ఆస్పత్రి రిజిస్టరులో ఉంది కానీ జనం నోళ్ళలో లేదు. లిఫ్టులేని పాత మేడలు మాకొద్దంటే మాకొద్దని అందరూ తప్పించుకుంటుంటే, ఆ వరసంతా నాకు రాయండని ముందుకొచ్చింది కాబట్టి ఆ పేరొచ్చింది. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వం కూడాను. షుగరు ఉన్నవాళ్ళ పాదాలు చూడటం ఆమె పని. షుగరు ముదిరిన పాదానికి నొప్పి తెలియదు. కాలు చెప్పదు, కన్నే కనిపెట్టాలి. అందుకని ప్రతి ఇంట్లోనూ పాదానికి ఫోటో తీసి, లాప్‌టాప్‌లో పోయిన వారం ఫోటో పక్కన పెట్టి, రెండూ పోల్చి చూసి, ఆ తర్వాతే 'పోల్చి చూశాను' అనే గడిలో టిక్కు పెట్టాలి.

నెల కిందట, నాలుగో అంతస్తులో ఉండే టైలర్ బాబాయ్ ఇంటికి వెళ్ళిన రోజు, భుజం పీకేస్తోందని ఆ నాలుగు కిలోల లాప్‌టాప్ పెట్టెను బండిలోనే వదిలేసి పైకెక్కింది. కెమెరా వెనకుండే అగ్గిపెట్టెంత తెరలో చూసి, "బాగానే ఉంది బాబాయ్" అంది. కిందికొచ్చి టిక్కు పెట్టింది. ఎనిమిదో రోజుకి బాబాయ్ కుడి పాదంలో ముందు సగం తీసేశారు.

ఈ సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు మెట్లమ్మ. రెండోవారు ఆమె మొగుడికి అక్క, ఇంట్లో వదిన, ఆస్పత్రిలో పెద్ద సిస్టరు. 'లాప్‌టాప్ తెర మసకగా ఉండటం వల్ల నలుపు కనబడలేదు' అని రిపోర్టు రాసింది ఆ వదినే. మెట్లమ్మ మారు మాట్లాడకుండా సంతకం పెట్టింది. ఇద్దరూ గట్టెక్కామనే అనుకున్నారు. పైవాళ్ళు ఆ రిపోర్టు నమ్మారు. నమ్మి ఊరుకుంటే కథ ఇక్కడిదాకా వచ్చేదే కాదు. పదకొండు మంది నర్సులకీ కొత్త లాప్‌టాప్‌లు కొంటామన్నారు. తెర వల్ల మోసపోయింది ఆమే కదా, ఏది కొనాలో ఆమె చేతే చెప్పించమన్నారు. ఆ చెప్పే రోజు ఇవాళే.

ఇక గుమ్మం దగ్గరికి వెళ్దాం.

ఆమె కాలు ఆగిపోయింది బల్ల మీదున్న రెండు లాప్‌టాప్‌లను చూసి కాదు. చుట్టూ ఇనప కుర్చీల్లో కూర్చున్న పదిమంది తోటి నర్సులను చూసీ కాదు. బల్లకి ఆ చివర, చక్రాల కుర్చీలో, ఒళ్ళో దుప్పటి కప్పుకుని టైలర్ బాబాయ్ కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే ముఖమంతా నవ్వాడు. "రా సిస్టరమ్మా, నీ కోసమే చూస్తున్నాం" అన్నాడు.

ఆ నవ్వు ఆమెకు తగలరాని చోట తగిలింది. తిట్టినా బాగుండేది. వెనక్కి జరిగి, తలుపు చాటుకు వచ్చేసింది. అక్కడ వదిన సిద్ధంగా ఉంది. చేతిలో అట్ట, అట్టకు క్లిప్పు, క్లిప్పుకి కాగితం.

"ఆయన్నెందుకు పిలిచావ్ వదినా?"

"నేనెందుకు పిలుస్తాను, నాకేం పిచ్చా? డాక్టరు గారు పిలిచారు. నలభై ఏళ్ళు దారాలు చూసిన కన్నట. తెర సంగతి మనందరి కంటే ఆయనకే బాగా తెలుస్తుందట." వదిన పెదవులు కదలకుండా మాట్లాడగలదు. ముప్ఫై ఏళ్ళు వార్డుల్లో పని చేసిన విద్య అది. "విను. రెండు నిమిషాల పని. పెద్ద తెరది బాగుందని చెప్పు. సంతకం పెట్టు. తలనొప్పని చెప్పి బయటికొచ్చెయ్."

"అది రెండున్నర కిలోలట."

"అయితే?"

"సంచీ, చార్జరూ, కెమెరా, కట్లు కట్టే సామానూ కలిపితే మళ్ళీ మొదటికే వస్తుంది. మళ్ళీ ఎవరో ఒకరు బండిలో వదిలేస్తారు. నేను వదిలేసినట్టే."

"నెమ్మదిగా." వదిన చుట్టూ చూసింది. "సరే, తేలికది కావాలను. ఎందుకమ్మా అంటారు. కళ్ళకు కనబడలేదని రిపోర్టులో రాసుకుని, ఇప్పుడు భుజం నొప్పంటావేం అంటారు. అప్పుడేం చెప్తావు?"

అందులోనే ఉంది తిరకాసంతా. తేలికైనది కోరుకోవడమంటే తప్పు ఒప్పుకోవడమే. మంచి తెర కోరుకోవడమంటే ఆ తప్పును పదకొండు మంది భుజాల మీద పెట్టి మెట్లెక్కించడం. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, ఆ రెంటి మధ్యా నిలబడటానికి కూడా చోటు లేనట్టుంది ఆమె పరిస్థితి.

"టిక్కు నీది, రాత నాది" అంది వదిన. గొంతులో కోపం తగ్గి, అంతకంటే కష్టమైనదేదో వచ్చింది. "నువ్వు నోరు విప్పితే పోయేది నీ ఒక్కదాని ఉద్యోగం కాదు. మొయ్యలేకపోతున్నాం మేడమ్ అని మీరందరూ నా దగ్గరికి వచ్చారు చూడు, రెండేళ్ళ కిందట. నేనేమన్నాను? మా రోజుల్లో మనుషుల్నే మోశాం, మీకు పెట్టె బరువా అన్నాను. అదీ బయటికొస్తుంది. ఇద్దరం ఇంట్లో కూర్చుంటే పొయ్యిలో పిల్లి లేవదు. నా తమ్ముడికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఈవిడను దుర్మార్గురాలనుకోకండి. ఆ రిపోర్టు రాసిన రోజు నుంచి ఆవిడా సరిగ్గా నిద్రపోలేదు. మరదలి మీద ప్రేమ ఉంది, తన మీద తనకు భయముంది. ఈ రెండూ కలిస్తే మనిషి ఎంత అబద్ధమైనా అందంగా రాయగలదు.

"పద" అంది వదిన. కదలక తప్పలేదు.

గదిలో లాప్‌టాప్‌ల దుకాణం మనిషి అప్పటికే గొంతు సవరించుకుంటున్నాడు. నున్నగా దువ్విన తల, మెళ్ళో టై, వస్తువు కంటే ముందు మాటలు అమ్మేసే రకం. ఎడమ వైపు లాప్‌టాప్‌ను రెండు వేళ్ళతో పైకెత్తి అందరికీ చూపించాడు.

"కిలో లోపు మేడమ్. మోస్తున్నామన్న సంగతే మర్చిపోతారు. రోజంతా చార్జింగు ఉంటుంది. తెర మాత్రం, నిజం చెప్పాలి కదా, ఓ మోస్తరు." దాన్ని దించి రెండోదాని మూత తెరిచాడు. "ఇది అలా కాదు. రంగు ఎలా ఉందో అలాగే చూపిస్తుంది. మచ్చ మచ్చే, మరక మరకే. కాస్త బరువు, అంతే. మంచి చూపు కావాలంటే ఆ మాత్రం మొయ్యాలి కదండీ?"

ఒకళ్ళిద్దరు నర్సులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"రెంటిలోకీ మన రికార్డులు పొద్దున్నే ఎక్కించాం" అన్నారు డాక్టరు గారు. గాయాలు చూసి చూసి ఆయనకు మాటలు తగ్గిపోయాయి. ఒక వాక్యం అని, రెండోదానికి ముందు ఊపిరి పీల్చుకుంటారు. "మామూలు ఫోటోలతో కాదు, అసలు ఫోటోతోనే చూద్దాం. మాస్టారూ, మీ పాదం ఫోటో. మీకు ఇబ్బంది అయితే..."

"నా కాలే కదండీ, పరాయిదా?" అన్నాడు టైలర్ బాబాయ్. "పెట్టండి. అయితే ముందు ఆ కిటికీ తెర పైకెత్తించండి. దీపం వెలుగులో నలుపూ నీలమూ ఒకటే. మా కొట్లో దారం సరిచూడాలంటే గుమ్మంలోకి తెచ్చేవాణ్ణి. గుమ్మంలో తేలని రంగు ఇంకెక్కడా తేలదు."

కిటికీ తెర పైకి లేచింది. ఎండ బల్ల మీదికి వచ్చింది. పెద్ద తెర లాప్‌టాప్‌ను బాబాయ్ ముందుకు జరిపారు. ఆ రోజు మెట్లమ్మ తీసిన ఫోటో అందులో తేలింది. ఆ పాదంలో ముందు సగం ఇప్పుడు లేదు. దుప్పటి కింద ఆ చోట ఉబ్బు లేదు. గది మొత్తంలో ఆ దుప్పటి వైపు చూడని మనిషి మెట్లమ్మ ఒక్కతే.

బాబాయ్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముఖం దగ్గరగా పెట్టి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు చూశాడు. "ఇదిగో, ఇక్కడ. చిటికెన వేలు సందున. నలుపు. అంచు ఊదా. బాగుంది, అంటే బాగా కనిపిస్తోంది" అన్నాడు. తన మాటకు తనే చిన్నగా నవ్వాడు. ఎవరూ నవ్వలేదు.

"ఇప్పుడు ఇది చూడండి" అని తేలికదాన్ని జరిపాడు దుకాణం మనిషి.

"కాస్త వెలిసినట్టుంది. రెండు ఉతుకులు ఉతికిన గుడ్డలాగ." బాబాయ్ తల అటూ ఇటూ తిప్పి చూశాడు. "కానీ ఉంది. నలుపు ఉంది."

వదిన అట్ట తీసి బల్ల మీద పెట్టింది. "అందరూ చూశారుగా, తేడా తెలిసిపోయింది. పెద్ద తెరదే మంచిది. ఏమ్మా?" అని మెట్లమ్మ వైపు పెన్ను చాచింది. కాగితంలో 'ఎంపిక' అన్న చోట పెద్ద తెరదాని పేరు వదిన ముత్యాల్లాంటి అక్షరాలతో ముందే రాసి ఉంది. కింద 'కారణం' అన్న గడి ఖాళీగా ఉంది. దాని కింద రెండు సంతకాలకు చోటు.

మెట్లమ్మ పెన్ను అందుకుంది. అందుకున్న చెయ్యి తనదో కాదో ఆమెకే అనుమానం వచ్చింది.

"ఒక్క నిమిషం తల్లీ" అన్నాడు బాబాయ్. "ఆ పాతది కూడా ఓసారి చూపించండి. నీ కళ్ళకు గంతలు కట్టిందే, ఆ దొంగ డబ్బా. దాని ముఖం చూడాలని ఉంది నాకు."

"అది ఇప్పుడెక్కడుందండీ, మూలకు పడేశాం" అంది వదిన. కాస్త తొందరగా అనేసింది.

"లేదు మేడమ్, నా దగ్గరే ఉంది." తలుపు పక్క కుర్చీలోంచి కొత్త సిస్టరు లేచింది. ఉద్యోగంలో చేరి మూడు వారాలు. మెట్లమ్మను ఆఫీసు పనిలో కూర్చోబెట్టాక ఆమె మేడల వరసను, ఆమె పెట్టెను ఈ పిల్లకే అప్పజెప్పారు. "మీరే ఇచ్చారుగా మేడమ్."

సాయం చేస్తున్నానని ఆ పిల్ల సంతోషం. కుర్చీ కింద నుంచి సంచీని రెండు చేతులతో లాగి, ఒళ్ళోకి ఎత్తి, బల్ల మీద పెట్టింది. ఆ బరువుకు గ్లాసుల్లో నీళ్ళు కదిలాయి.

పాత లాప్‌టాప్ మేలుకోవడానికి ఎప్పుడూ నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాల్లో మెట్లమ్మ తన పెళ్ళి దగ్గర నుంచి ఇవాళ్టి వరకు చేసిన తప్పులన్నీ లెక్కపెట్టుకుంది. తెర వెలగకపోతే బాగుండునని అనుకుంది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు మొరాయించింది! ఇవాళ కూడా మొరాయించవే తల్లీ అని మనసులో దండం పెట్టుకుంది. అది మాత్రం బుద్ధిగా, ఒక్క కిర్రు శబ్దం కూడా లేకుండా వెలిగింది.

ఫోటో వచ్చింది. కింద ఎడమ మూల ఒక గీత పడి ఉంది, అంచులు కొద్దిగా పసుపు తిరిగాయి. మధ్యలో పాదం. చిటికెన వేలు సందున, బఠాణీ గింజంత మేర, నల్లగా.

వెనక కుర్చీలో వాళ్ళకి కూడా కనిపించింది.

బాబాయ్ తెర వైపు చూశాడు, మళ్ళీ పెద్ద తెర వైపు చూశాడు, మళ్ళీ పాతదాని వైపు. వేలితో ఆ నలుపు మీద తుడిచాడు, దుమ్ము అయితే పోతుందన్నట్టు. పోలేదు.

"ఇంత కనిపిస్తోందే" అన్నాడు. గొంతులో ఆరోపణ లేదు, అయోమయం ఉంది. "ఇంత కనిపిస్తుంటే నీకెందుకు కనబళ్ళేదమ్మా?"

"మీ ఇంట్లో వెలుతురు తక్కువండీ" వదిన అందుకుంది. "పైగా ఆ రోజు తెర వెలుగు తగ్గించి ఉండొచ్చు. పాతబడ్డ యంత్రం, ఒక్కోసారి ఒక్కోలా..."

"మా ఇంట్లోనా? నేను కుట్టుపని చేసే గదమ్మా అది. రెండు కిటికీలు." ఆయన వదిన వైపు చూడనే లేదు. "నేను నిన్నడుగుతున్నాను సిస్టరమ్మా."

డాక్టరు గారు రిపోర్టు కాపీ తీసి బల్ల మీద పరిచారు. మెట్లమ్మ చెయ్యి దానంతటదే కుడి భుజం మీదికి వెళ్ళింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టని చిన్నప్పుడు ఎవరినో చూసి నవ్వి ఉంటుంది. ఇవాళ తన వంతు వచ్చింది.

వదిన బల్ల కింద నుంచి ఆమె చీర కొంగు పట్టుకుంది. గట్టిగా, పిల్ల రోడ్డు మీదికి పరిగెత్తకుండా తల్లి పట్టుకున్నట్టు.

"చూడలేదు బాబాయ్" అంది మెట్లమ్మ.

"ఏంటీ?"

"కనబడకపోవడం కాదు. నేను చూడలేదు. ఆ రోజు ఇది పైకి తేలేదు. భుజం నొప్పిగా ఉందని బండిలోనే వదిలేసి వచ్చాను. చిన్న కెమెరా తెరలో చూసి బాగుందన్నాను. కిందికెళ్ళి, పోల్చి చూశానని టిక్కు పెట్టాను. తెర మసగ్గా ఉందని రాయడం అబద్ధం. సంతకం నాది."

కొంగు మీద పట్టు వదులైంది. రాసింది వదినని మెట్లమ్మ చెప్పలేదు. చెప్పకపోయినా అక్షరాలు ఎవరివో ఆ గదిలో అందరికీ తెలుసు.

టైలర్ బాబాయ్ దుప్పటి అంచును వేళ్ళతో మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. అలవాటు పడ్డ చేతులు కదా, కుట్టు వెయ్యకుండా ఉండలేవు.

"మా కోడలు కేసు పెడదామంది" అన్నాడు చివరికి. "నేనే వద్దన్నాను. ఆ పిల్ల తప్పు లేదే, అది నాలుగు అంతస్తులు ఎక్కి వస్తుంది నా కోసం, తప్పు ఆ డబ్బాది అన్నాను. వీధిలో అడిగిన ప్రతివాడికీ ఇదే చెప్పాను. ఇవాళ బండిలో వస్తూ కూడా అదే చెప్పాను."

"బాబాయ్..."

"నలభై ఏళ్ళు ఈ కాలితో మిషను తొక్కానమ్మా. రోజుకి ఎన్నిసార్లో నాకే తెలీదు. నువ్వు ఒక్క పెట్టె మొయ్యలేకపోయావు."

ఆ మాటకు మెట్లమ్మ ఏడ్చి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేది. ఏడుపు రాలేదు. ఏడ్చే హక్కు తనకు లేదనిపించింది. రెండు చేతులూ బల్ల మీద ఆనించి నిలబడింది. దుకాణం మనిషి తన సంచీ జిప్పు వైపు చూస్తూ, ఇలాంటి చోటికి ఎందుకు వచ్చానురా భగవంతుడా అన్నట్టు కూర్చున్నాడు.

బాబాయ్ తన కుర్చీ చక్రాలు తిప్పుకుని బల్లకు దగ్గరగా జరిగాడు. పాత లాప్‌టాప్ మూత మూసి, సంచీలో పెట్టించి, పట్టీ పట్టుకుని ఒంటి చేత్తో ఎత్తబోయాడు. సగం దాకా లేచింది. మణికట్టు వణికి కిందికి దిగిపోయింది. ఆయన దాన్ని ఇంకోసారి ఎత్తలేదు.

"నా తర్వాత ఆ రోజు ఇంకా ఎన్నిళ్ళకెళ్ళావు?" అని అడిగాడు.

నెల రోజులుగా మెట్లమ్మ ఒక్క పాదం గురించే కుమిలిపోయింది తప్ప, ఈ ప్రశ్న ఆమె తనకు తాను వేసుకోలేదు. "మూడు" అంది.

"అక్కడా పైకి తీసుకెళ్ళలేదా?"

"ఒక చోట తీసుకెళ్ళాను. అది కింది ఇల్లు."

"మరి ఆ మిగతా వాళ్ళ కాళ్ళు ఎవరు చూశారమ్మా?"

డాక్టరు గారు లేచి నిలబడ్డారు. ఆయన లేవడం చూసి కుర్చీలన్నీ సర్దుకున్నాయి. "ఇది ఒక్కరి ప్రశ్న కాదు" అన్నారు. ఊపిరి పీల్చుకున్నారు. "నేను ఎవరి ఉద్యోగం గురించీ అడగడం లేదు. ఈ నెలలో, ఒక్కసారైనా, లాప్‌టాప్ పైకి తీసుకెళ్ళకుండా టిక్కు పెట్టినవాళ్ళు చేతులెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. గోడ మీది ఫ్యాను తిరిగి తిరిగి ఇటు వచ్చింది, అటు వెళ్ళింది. అందరి చూపూ పెద్ద సిస్టరు ముఖం మీదే. వదిన తల దించుకుంది. ఇన్నేళ్ళలో ఆమె తల దించుకోవడం అక్కడెవరూ చూడలేదు. అప్పుడు వెనక వరసలో, వచ్చే ఏడాది రిటైరవబోయే ఒకావిడ మెల్లిగా చెయ్యెత్తింది. ఆమె పక్కనావిడ ఎత్తింది. తర్వాత ఇద్దరు ఒకేసారి. డాక్టరు గారి పెదవులు లెక్కపెడుతున్నాయి. మెట్లమ్మతో కలిపి పది చేతులు. కాళ్ళు ఎన్ని ఉంటాయో ఆలోచించడానికి కూడా మెట్లమ్మకు ధైర్యం చాలలేదు.

చెయ్యెత్తనిది కొత్త సిస్టరు ఒక్కతే. ఆమె రెండు చేతులూ నోటి మీద ఉన్నాయి.

"నిన్న" అంది ఆ పిల్ల.

"ఏంటమ్మా?"

"నిన్న, అక్కా." డాక్టరు గారితో కాదు, మెట్లమ్మతో చెబుతోంది. "మీ వరసలో, బట్టలు ఇస్త్రీ చేసే బామ్మగారు. పై అంతస్తు. పెట్టె మొయ్యలేక సగం మెట్ల దగ్గర నుంచి వెనక్కి వెళ్ళి బండిలో పెట్టేశాను. కెమెరాలోనే చూశాను. ఏదో నీడలా ఉంది. నీడే అనుకున్నాను. వారం తర్వాత వస్తానని చెప్పి వచ్చేశాను."

"కెమెరా కార్డు ఎక్కడుంది?" డాక్టరు గారు చెయ్యి చాచారు.

కొత్త సిస్టరు జేబులోంచి కెమెరా తీసింది. కార్డు బయటికి తియ్యడానికి వేళ్ళు సహకరించక, చివరికి మెట్లమ్మే తీసి ఇచ్చింది. డాక్టరు గారు దాన్ని పెద్ద తెర లాప్‌టాప్‌లో పెట్టారు. ఫోటోలు ఒక్కొక్కటే తెరుచుకోవడం మొదలైంది. ఈయన పాదం కాదు. ఆవిడది కాదు. ఇంకొకటి.

"బామ్మగారికి ఫోను ఉందా?"

"లేదండీ" అంది మెట్లమ్మ. "పక్కింటి వాళ్ళకి ఉండేది, వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎవరో ఒకరు వెళ్ళాల్సిందే. పెరటి వైపు మెట్లు దగ్గర దారి. ముందు వైపు నుంచి వెళ్తే గేటు మధ్యాహ్నం దాకా తియ్యరు."

డాక్టరు గారు ఆమె వైపు చూశారు. ఆ చూపులో క్షమించే ఉద్దేశమేమీ లేదు. "మీ సంగతి రేపు. ఆ మేడ మీకు తెలిసినంతగా ఇక్కడ ఇంకెవరికీ తెలీదు. వెళ్ళండి. పాదం దగ్గరే కూర్చుని నిన్నటి ఫోటో పక్కన ఇవాళ్టిది పెట్టి నాకు పంపండి. నేను చూసి చెప్పేదాకా కదలొద్దు."

మెట్లమ్మ బల్ల వైపు తిరిగింది. పాత సంచీ ఒక పక్క. పెద్ద తెరదాని ముందు డాక్టరు గారు. మూడోది ఖాళీగా, సన్నగా, ఎండలో పడి ఉంది. ఆమె చెయ్యి దాని మీదికి వెళ్ళేసరికి దుకాణం మనిషికి ప్రాణం లేచొచ్చింది.

"మేడమ్, మేడమ్, సంతకం లేకుండా సరుకు గది దాటకూడదు. మా ఓనరు నన్ను చంపేస్తాడు. ఆ కాగితం మీద రెండు సంతకాలు పడిపోతే మీ ఇష్టం."

వాదించే సమయం లేదు. మెట్లమ్మ అట్టను ముందుకు లాక్కుంది. 'ఎంపిక' దగ్గర వదిన రాసిన ముత్యాల్లాంటి అక్షరాలను ఒక్క గీతతో కొట్టేసి, పైన తేలికదాని పేరు రాసింది. 'కారణం' దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఇంతసేపూ నోటితో చెప్పింది గాలిలో కలిసిపోవచ్చు. కాగితం మీద పడింది పోదు. రేపు ఇదే కాగితాన్ని ఆమె ముందు పెట్టి, ఇది నీ రాతేనా అని అడుగుతారు. అది తెలిసే రాసింది.

'తెర వల్ల తప్పు జరగలేదు. బరువని నేను పైకి తీసుకెళ్ళలేదు. దీన్ని తీసుకెళ్ళగలను.'

సంతకం పెట్టి, అట్టను వదిన ముందుకు తోసింది.

రెండో సంతకం పెద్ద సిస్టరుది. వదిన ఆ మూడు ముక్కలూ చదివింది. మళ్ళీ చదివింది. దీని కింద తన పేరు పడితే, తను రాసిన రిపోర్టును తనే అబద్ధమని ఒప్పుకున్నట్టు. పెన్ను కాగితానికి వేలెడు ఎత్తులో ఆగిపోయింది.

"వదినా" అంది మెట్లమ్మ. చేతిలో లాప్‌టాప్ ఉంది. "వదినా, టైమైపోతోంది."

వదిన కళ్ళెత్తి మరదలి వైపు చూసింది. పెన్ను కదల్లేదు.

వెనక ఫోటోలు తెరుచుకోవడం ఆగింది. డాక్టరు గారు ఒక ఫోటోను పెద్దది చేశారు, ఇంకా పెద్దది చేశారు. తెర నిండా ఒక ముసలి పాదం, వేళ్ళు దగ్గరగా. నర్సులందరూ లేచి చుట్టూ మూగారు. వాళ్ళ మధ్యలోంచి చక్రాల కుర్చీ ముందుకు వచ్చింది. టైలర్ బాబాయ్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, తెర మీదికి వంగాడు.

"నీడ కాదమ్మా ఇది" అన్నాడు. "నాకూ ఇక్కడే మొదలైంది."